కర్పూరం కొట్టి చేసిన సత్యం

పోయిన లోక్‌సభ ఎన్నికలప్పుడు నన్ను తమిళనాడులో గుడియాత్తం పక్క జోనల్ ఆఫీసరుగా వేసినారు. అప్పటికి నేను డిప్యూటీ తాసిల్దారును, రిటైర్మెంటు దగ్గర పడింది. జోనల్ ఆఫీసరంటే పెద్ద హోదా ఏమీ కాదు. తన కింది పోలింగు బూతులకు ఓటు మిషన్లు చేర్చడం, ఎక్కడ తగాదా వచ్చినా ముందు పోయి నిలబడటం, అంతే.

లత్తేరి దోవలో ఒక ఊరి బడిని బూతు కోసం చూస్తా ఉంటే, నేను ఫోన్లో తెలుగు మాట్లాడేది విని ఒకామె దగ్గరికొచ్చింది. పేరు మునెమ్మ, సేద్యం చేసుకునే మనిషి. ఒక అభ్యర్థి మనుషులు తట్టలో గంగమ్మ పటం పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగినారంట. మా పక్క కర్పూరం వెలిగించి, దాన్ని అరిచేత్తో కొట్టి ఆర్పి చేసిన సత్యాన్ని ఎవరూ తప్పరు. ఈమె చేత మనవడి పేరు చెప్పించి, వాళ్ల గుర్తు తప్ప వేరే దేన్నీ నొక్కనని అట్లా సత్యం చేయించుకున్నారు.

"నేను వెయ్యాలనుకున్నది ఇంకొకరికి నాయనా. ఇప్పుడు వేస్తే బిడ్డకేమన్నా అయితే?" అనింది.

నాకు ఒళ్లు మండింది. దేవుడి కోపం చూపించి ఓటరును బెదిరించడం చట్టప్రకారం నేరం. ఫ్లయింగ్ స్క్వాడ్‌ను, అంటే ఇట్లాంటివి పట్టుకునే తిరుగుడు దళాన్ని, పిలిపించినాను. తట్ట పట్టుకున్నోడి మీద కేసు పడింది. ఆ మాట చెప్పి, ఇంక నీ సత్యం చెల్లదమ్మా అని మునెమ్మకు ధైర్యం చెప్పబోయినాను.

"కేసు పెట్టింది మీరు. సత్యం విన్నది అమ్మ. ఆమెకు ఎవరు చెప్పల్లా?" అనింది.

ఊరి వీఏవో, అంటే గ్రామ రెవెన్యూ అధికారి, ఒక ఉపాయం చెప్పినాడు. గుడి పూజారి చేత సత్యం తీసేసినట్టు చెప్పిస్తే సరిపోతుందన్నాడు. సులువైన పనే, నాకూ ఆశ పుట్టింది. కానీ ఓటు వేయడానికి సర్కారే పూజారిని అనుమతి అడిగితే, రేపు ఆయన వద్దంటే ఏం చేస్తాం? కుదరదన్నాను. పోనీ నువ్వే చెప్పు, నువ్వూ దండం పెట్టేవాడివే కదా అని మునెమ్మ పట్టుబట్టింది. ఇంట్లో అయితే ఏమీ కాదు పోమ్మా అనేవాణ్ణి. మెడలో ఎన్నికల బ్యాడ్జీ ఉండగా గంగమ్మ తరఫున మాట ఇచ్చే అధికారం నాకు లేదు. లోపల నువ్వు ఏది నొక్కింది ఎవరికీ తెలీదని మాత్రం చెప్పినాను.

"అమ్మకు తెలీదా?" అనింది.

పోలింగు రోజు ఆమె వచ్చింది. వేలికి సిరా పెట్టించుకొని, రిజిస్టర్లో సంతకం చేసి, మిషను దగ్గరికి పోకుండా నిలబడిపోయింది. నోటా నొక్కమని ప్రిసైడింగ్ ఆఫీసరు చెప్పి చూసినాడంట. అది కూడా వేరేదే కదా సార్ అనిందంట. అతను గాబరాపడి నాకు ఫోన్ చేసినాడు. ఓటు వేయనని చెప్పే హక్కు ఓటరుకు ఉంది; అట్లే రాసి ఆమె సంతకం తీసుకోమన్నాను.

నేను అక్కడికి పోయేసరికి ఆమె బయట కనపడి, సత్యమూ తప్పలేదు, వాళ్లకూ వెయ్యలేదు అనింది. కళ్లనిండా నీళ్లు. నాకు చాలా బాధేసింది.

కేసు నిలిచింది, జరిమానా పడింది. మేము చేయాల్సినవన్నీ చేసినాము. అయినా ఆమె ఎవరికి వేయాలనుకుందో వాళ్లకు ఒక ఓటు తగ్గింది. తట్ట తెచ్చినోళ్లకు కావలసిన దాంట్లో సగం దక్కినట్టే.