ఫోలిక్ ఆమ్లం మాత్రలూ, బసమ్మ అరికాళ్ళూ

1964 జూన్‌లో నన్ను అనంతపురం నుంచి బళ్ళారి రోడ్డు మీదున్న ఒక చిన్న ప్రభుత్వ ఆస్పత్రికి బదిలీ చేశారు. విడపనకల్లు అక్కడికి దగ్గర. ఆస్పత్రి పేరు రాయను, దాంతో పని లేదు. నా హోదా లాబొరేటరీ టెక్నీషియన్. నాకు పైన ఒక అసిస్టెంట్ సర్జన్, పక్క గదిలో మందులిచ్చే కాంపౌండరు, ఇద్దరు నర్సులు, ఇరవై మంచాలు. ప్రయోగశాల అంటే ఉత్తరం వైపు కిటికీ ఉన్న ఒక గది. అందులో ఒక మైక్రోస్కోపు, స్పిరిట్ దీపం, రంగు సీసాలు, హిమోగ్లోబిన్ కొలిచే సాలీ గొట్టం.

సాలీ గొట్టంతో పని చేసినవాళ్ళు ఇప్పుడు తక్కువ కాబట్టి చెప్తాను. వేలి కొసన గుచ్చి తీసిన నెత్తురును పలచని ఆసిడ్‌లో కలిపితే గోధుమరంగుకు తిరుగుతుంది. పక్కనున్న గాజు కడ్డీల రంగుతో సరిపోయేదాకా నీళ్ళు బొట్టుబొట్టుగా పోసి, గొట్టం మీద గీత ఎక్కడుందో చదవాలి. అంతా కంటిచూపు మీదే. నా కన్ను మంచిదని అనంతపురంలో పేరుండేది. ఆ పేరు మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ ఏడు వాన పడలేదు. అంతకుముందు రెండేళ్ళూ అంతంతమాత్రమే. జొన్న సంకటిలోకి చింతపండు నీళ్ళూ మిరపకాయా దొరికితే భోజనం అయిపోయినట్టే. ఆకుకూర అనేది కంటికి కనపడలేదు. మేత లేక ఆవుల్నీ ఎనుముల్నీ సంతకు తోలి అమ్ముకున్నారు. ఊళ్ళో మజ్జిగ అడిగితే నవ్వేవాళ్ళు.

ఆగస్టులో బసమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. నెల కిందట నాలుగో కాన్పు అయింది. లింగాయతుల ఇంటి మనిషి, మెడలో వెండి కాయలో ఇష్టలింగం ఉంది. నీచు ముట్టని ఇల్లు. భర్త రుద్రప్ప ఆమెను బండిలోంచి ఎత్తి దించాడు. ముఖం పసుపు కలిపిన సున్నంలా ఉంది. నాలుక మీద గరుకు పోయి, ఎర్రగా నున్నగా అయింది. ఆడవాళ్ళకు పన్నెండు దాకా ఉండాల్సిన హిమోగ్లోబిన్ నాలుగు గ్రాములే వచ్చింది. నమ్మకం కుదరక మళ్ళీ తీశాను. అంతే వచ్చింది.

ఇనుము లోపిస్తే ఎర్రకణాలు చిన్నవై, మధ్యలో వెలిసిపోయి కనపడతాయి. బసమ్మ నెత్తురు బొట్టును గాజు స్లయిడ్ మీద పరిచి, రంగు వేసి చూస్తే కణాలు దానికి పూర్తి విరుద్ధంగా ఉన్నాయి. తక్కువ కణాలు, కానీ ఒక్కొక్కటి కోలగా, పెద్దగా. తెల్లకణాల కేంద్రకం మామూలుగా మూడు నాలుగు తునకలుగా ఉంటుంది. ఈమెవి ఆరేడు తునకలు. కణం పెరుగుతోంది గానీ వేళకు విడిపోవడం లేదని దాని అర్థం. స్లయిడ్ పట్టుకుని నేనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

మా అసిస్టెంట్ సర్జన్ డాక్టర్ సుశీలగారిది గుంటూరు వైపు. చదువు ముగించి మూడేళ్ళు. మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, ఇలాంటి రక్తం రెండు విటమిన్లలో దేని లోపం వల్లనైనా రావచ్చని చెప్పారు. ఒకటి ఆకుకూరల్లో ఉండే ఫోలిక్ ఆమ్లం. రెండోది పాలు, గుడ్డు, మాంసాల్లో ఉండే బి12. స్లయిడ్ మీద రెండూ ఒకేలా కనపడతాయి. ఏది లోపించిందో తేల్చే పరీక్ష మా దగ్గర లేదు. గర్భిణుల్లో, బాలింతల్లో చాలామందికి లోపించేది ఫోలిక్ ఆమ్లమే. స్టోరులో ఉన్నవీ ఆ మాత్రలే, విడిగా బి12 మందు లేదు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అని ఆమె బసమ్మను అడిగారు. లేదంది. డాక్టరమ్మ ఫోలిక్ ఆమ్లం రాసి, కేసు షీటు కింద ఒక వాక్యం చేర్చారు: కాళ్ళలో తిమ్మిరి గానీ తూలడం గానీ కనిపిస్తే వెంటనే నాకు చూపాలి.

ఆ వాక్యం నేను చదివాను. చదవలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

మాత్రలు మొదలైన వారానికే ఆమె నెత్తురులో లేత కణాలు గుంపులుగా కనపడ్డాయి. ఎముక మూలుగ మళ్ళీ పనిలో పడిందనడానికి అది గుర్తు. నెలకు హిమోగ్లోబిన్ ఏడు దాటింది, రెండో నెలకు పదికి దగ్గరైంది. ముఖంలో రంగు వచ్చింది. బిడ్డను తానే చంకనేసుకుని నడిచి వచ్చేది. ప్రతిసారీ గొట్టం పైకెత్తి గీత చూపించేవాణ్ణి. చదువు రాకపోయినా గీత పైకి పోతోందని ఆమెకు అర్థమయ్యేది.

అక్టోబరులో విడపనకల్లు వైపు పల్లెల్లో కలరా సోకింది. డాక్టరమ్మను టీకాల పనికి పంపారు. వారానికి రెండు పూటలు మాత్రమే ఆస్పత్రిలో ఉండేవారు. పాత రోగులు నా దగ్గర నెత్తురు చూపించుకుని, కాంపౌండరు దగ్గర మాత్రలు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. బసమ్మా అంతే.

నవంబరులో ఒకరోజు నేను ఆమె వేలు దూదితో తుడుస్తుంటే అంది. "ఖాదరన్నా, అరికాళ్ళ కింద ఇట్లా దూది పరిచినట్టుండాదన్నా. నేల యాడుండాదో తెలీదు."

మాది దూదేకుల ఇల్లు. మా నాయన విల్లు పట్టి దూది ఏకుతుంటే ఆ కుప్పల మీద తొక్కుతూ పెరిగినవాణ్ణి. ఆమె చెప్పేది ఎలా ఉంటుందో నాకంటే బాగా తెలిసినవాడు ఆ ఆస్పత్రిలో లేడు. అయినా గొట్టంలో గీత పదిన్నర చూపిస్తోంది. ఇన్నాళ్ళు మంచాన పడి ఉన్నావు కదా అక్కా, కాళ్ళలో సత్తువ రావడానికి కొన్నాళ్ళు పడుతుంది అన్నాను. రిజిస్టరులో పదిన్నర అని రాశాను. ఆమె అన్న మాట రాసే గడి అందులో లేదు.

కేసు షీటు మీది వాక్యం నాకు ఆ సాయంత్రమే గుర్తుకొచ్చింది. డాక్టరమ్మ ఆ వారం రాలేదు. వచ్చిన రోజు వరండా నిండా జనం. నెత్తురు ఇంత బాగున్న మనిషి గురించి ఆమెను ఆపి చెప్పడానికి మొహమాటపడ్డాను. టెక్నీషియన్ పని కొలవడం, రోగం సంగతి డాక్టరు చూసుకుంటారు అని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాతి నెల బసమ్మ గోడ పట్టుకుని లోపలికి వచ్చింది. చూశాను. గీత పదకొండు దగ్గరుంది. మళ్ళీ అదే రాశాను. ఆ రోజు నుంచి ఆమె వచ్చే తేదీ దగ్గరపడుతుంటే నాకు గుబులుగా ఉండేది. అడిగితే ఏం చెప్తుందోనని భయపడి అడగడం మానేశాను.

జనవరి మొదట్లో రుద్రప్ప ఆమెను మళ్ళీ బండిలో తెచ్చాడు. పొయ్యిలోని నిప్పుల్ని బయటికి లాగుతుంటే ఒక కణిక జారి పడింది. బసమ్మ దాని మీదే కాలు పెట్టి నిలబడి పని చేసుకుంటూ ఉంది. అరికాలు రూపాయి బిళ్ళంత కమిలి, తోలు లేచింది.

"వాసన నాకొచ్చినాదప్పా. ఆయమ్మకు తెలీనే తెలీదు. కాలు కాలితే మనిషికి తెలీకుండా ఎట్లుంటాదప్పా?" అని రుద్రప్ప నన్ను అడిగాడు.

నర్సు కట్టు కడుతోంది. నేను ఆగలేకపోయాను. డాక్టరమ్మ ఆ పూట ఆస్పత్రిలోనే ఉన్నారు. వెళ్ళి, బసమ్మ కాళ్ళు మీరొకసారి చూడాలి అన్నాను. నవంబరు సంగతి అప్పుడు కూడా నా నోట రాలేదు.

ఆమె తన పెట్టెలోంచి స్వరదండం తీశారు. రెండు కొమ్ముల ఉక్కు దండం అది. మోగించి ఎముక మీద ఆనిస్తే లోపలికి జుమ్ముమని తెలుస్తుంది. బసమ్మకు చీలమండ దగ్గర తెలియలేదు, మోకాలి దగ్గర తెలియలేదు, తుంటి ఎముక దగ్గర తెలిసింది. పాదాలు దగ్గర పెట్టి కళ్ళు మూసుకోమన్నారు. కళ్ళు మూయగానే మనిషి నరికిన చెట్టులా వాలిపోయింది. డాక్టరమ్మ పట్టుకున్నారు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలా?"

"రెండు నెలలాయ. ఖాదరన్నకు చెప్పినాను కదమ్మా. సత్తువ వస్తాదిలే అన్న్యాడు."

నేరం మోపుతున్నట్టు అనలేదు. నా మీద ఉన్న నమ్మకంతోనే అంది. డాక్టరమ్మ నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

తర్వాత నన్ను పిలిచి, ఏం జరిగిందో కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. కొత్త కణం తయారు కావాలంటే ఒక్కొక్క కర్బన పరమాణువున్న చిన్న తునకలు ఒకచోటి నుంచి ఇంకొకచోటికి చేరాలి. వాటిని మోసే కూలీ ఫోలిక్ ఆమ్లం. మూట ఎత్తేచోట బి6 సాయం పడుతుంది, దించేచోట బి12. బి12 లేకపోతే కూలీ మూట దించుకోలేక నెత్తినెత్తుకునే నిలబడిపోతాడు, నెత్తురు తయారీ కుంటుపడుతుంది. అప్పుడు మనం మాత్రల రూపంలో కొత్త కూలీలను పంపితే ఆ పని మళ్ళీ సాగుతుంది. కానీ నరాల మీది పొరను కాపాడడానికి బి12 కావలసిందే, ఆ పని ఈ కూలీల వల్ల కాదు. నెత్తురు బాగుపడుతూ ఉంటుంది, వెన్నుపాము లోపల చెడుతూ ఉంటుంది. బసమ్మకు మొదటి నుంచీ లోపించింది బి12. మాంసం ముట్టరు, ఉన్న పాలూ పశువులతో పాటు సంతకు పోయాయి. "పాడి ఉందా అని నేను అడగలేదు" అన్నారు ఆమె. ఆ తర్వాత అన్నారు, "మీరు చెప్పలేదు."

ఇక ఆలస్యం చేస్తే నడక పూర్తిగా పోతుంది, పోయింది తిరిగి రాకపోవచ్చు అన్నారు. స్టోరులో కాలేయ సత్తు ఇంజెక్షన్లు నాలుగు ఉన్నాయి. వాటిలో బి12 కొంత ఉంటుంది. అయితే అది జంతువు కాలేయం నుంచి తీసింది. కాంపౌండరు, చెప్పకుండా పొడిచేస్తే సరి అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. అదేమిటో విడమరిచి చెప్పి అడిగారు. రుద్రప్ప భార్య వైపు తిరిగాడు. బసమ్మ లింగం కాయ మీద చెయ్యి పెట్టుకుని, "వద్దమ్మా. కాళ్ళు పోతే పోనీ" అంది.

నేను బళ్ళారి వెళ్తానన్నాను. మధ్యాహ్నం బస్సు పట్టుకున్నాను. మొదటి రెండు మందుల షాపుల్లో లేదన్నారు. రైల్వే స్టేషను దగ్గర మూడో షాపతను పైఅర మీద వెతికి ఒక పెట్టె దించేదాకా నా చొక్కా చెమటతో తడిసి వీపుకు అంటుకుపోయింది. పెట్టెను ఒడిలో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని వచ్చాను. ఆ రోడ్డు మీద ప్రతి గుంతకూ ఆంపూల్స్ పగిలాయేమోనని తెరిచి చూసుకున్నాను.

మర్నాడు పొద్దున నర్సు సూదిని మరిగించి సిరంజిలోకి మందు తీసింది. బి12 మందు ఎర్రగా, దానిమ్మ రసంలా ఉంటుంది. బసమ్మ చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఏమన్నా, ఇది నెత్తురు కాదా?" అని నన్నే అడిగింది.

కాదని చెప్పాను. పాలల్లో తోడు వేస్తే కంటికి కనపడని జీవి పెరుగు చేసినట్టు, పెద్ద పెద్ద తొట్లలో అలాంటి జీవినే పెంచి దీన్ని తీస్తారని, రంగు దాని సొంత రంగని చెప్పాను. ఇంకా రెండు నెలల కిందటి మాట విని కూడా డాక్టరమ్మకు చెప్పకపోవడం నా తప్పని చెప్పాను. "ఇప్పుడు చెప్పేది నిజమే కదన్నా?" అంది. నిజమే అన్నాను. చెయ్యి చాచింది.

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు ఇంజెక్షన్లు, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి. ఆ రోజుల్లో నాకు సాలీ గొట్టం ఏ ధైర్యమూ ఇవ్వలేదు. వరండాలో గోడ వెంట సుద్దముక్కతో గీత గీసి, దాని మీద ఎన్ని అడుగులు తూలకుండా వేస్తుందో రోజూ చూసేవాణ్ణి. వారం గడిచింది, మార్పు లేదు. రెండో వారం ఒకరోజు నాలుగడుగులు వేస్తే మర్నాడు రెండే వేసింది. డాక్టరమ్మను అడిగితే, నాకూ తెలియదు ఖాదర్, చూద్దాం అనేవారు. ఐదో వారంలో బసమ్మ కాలి మడమను నేలకేసి రుద్ది, "చల్లగుండాది" అంది. అరికాలికి తెలిసిన మొదటి సంగతి అది.

వేసవి చివరికి పగటిపూట చేతి ఊతం లేకుండా నడిచింది. కాలి వేళ్ళ కొసల్లో స్పర్శ తిరిగి రాలేదు. చీకటి పడితే గోడ పట్టుకోవలసిందే. నేను అక్కడ ఉన్న ఇంకో రెండేళ్ళూ అంతకంటే మెరుగు కాలేదు, పాడూ కాలేదు.

డాక్టరమ్మ కేసు షీటులో, మొదటి ఎంపికలో పొరపాటు నాది అని రాసి సంతకం చేశారు. కింద నన్ను రాయమన్నారు. రోగి నవంబరులో చెప్పిన మాటను నేను పైకి చేరవేయలేదని రాసి, నేనూ సంతకం చేశాను. పైనుంచి ఎవరూ సంజాయిషీ అడగలేదు. అడిగి ఉంటే ఉద్యోగానికి ముప్పు వచ్చేదేమో, తెలియదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు పని చేశాను. నా కింద పనిచేసిన వాళ్ళకు రెండు సంగతులు చెప్పేవాణ్ణి. పెద్ద కణాలు కనపడిన రోగికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తుంటే, హిమోగ్లోబిన్ పెరుగుతున్నా సరే, వచ్చిన ప్రతిసారీ కాళ్ళ సంగతి అడగాలి. రోగి తన బాధను ఎవరికి చెప్పాలో హోదా చూసి ఎంచుకోడు, ఎదురుగా ఉన్నవాడికి చెప్తాడు. విన్నవాడు అదే రోజు డాక్టరుకు చేరవేయాలి. అది టెక్నీషియన్ పని కాదని నేను రెండు నెలలు అనుకున్నాను. అది టెక్నీషియన్ పనే.