నాకు పైత్యం, సార్

మా ఇంట్లో పైత్యం అంటే ఎవరూ నవ్వరు. పొద్దున లేవగానే నోరు చేదుగా ఉన్నా, పుల్లటి తేన్పులు వచ్చినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా, ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపు తిప్పినా మా అవ్వ దగ్గర ఒకటే మాట, పైత్యం చేసింది. దానికి మందూ ఒకటే. నిమ్మకాయ కోసి, ఉప్పూ జీలకర్ర పొడీ అద్ది నాకమంటుంది. తగ్గితే అది నిమ్మకాయ గొప్ప, తగ్గకపోతే మనం సరిగ్గా నాకలేదని లెక్క. పలమనేరులో పుట్టి పెరిగిన నాకు ఆ మాటకు ఇంకో అర్థం ఉందని చాలాకాలం తెలియదు. తెలియకపోవడం తప్పేమీ కాదు. కానీ తెలిసేనాటికి నేను తిరుపతిలో విశ్వవిద్యాలయంలో చేరి తెలుగు ఎం.ఏ. చదువుతున్నాను.

తెలుగు చదివితే ఏమొస్తుందని మా నాయన అడిగాడు. ఆయన పాలకేంద్రం నడుపుతాడు. నేను బి.కాం. చదివాను కాబట్టి ఆ కేంద్రం నా చేతిలో పెట్టాలని ఆయన ఆలోచన. నేను ఒప్పుకోలేదు. రెండు పూటలు అన్నం మానేసి, మూడో పూట ఎవరూ చూడకుండా తినేసి, మొత్తానికి గెలిచాను. బస్టాండులో సాగనంపుతూ ఆయన చెప్పిన మాట ఒకటే. "సదువుతానని పోతా ఉండావు, సదువుకో. ఒళ్లు బాగలేకపోతే మాత్రం వచ్చెయ్." ఇందులో మొదటి సగం నాకు పెద్దగా పట్టలేదు. రెండో సగాన్ని చట్టంలా గుర్తుపెట్టుకున్నాను. రోగం వస్తేనే ఇంటికి దారి, లేకపోతే తలుపు మూత అని.

ఆ చట్టంతో పని ఇంత తొందరగా పడుతుందనుకోలేదు. పలమనేరులో పంకా సంవత్సరంలో సగం రోజులు అలంకారానికే ఉంటుంది. తిరుపతిలో దాని కింద పడుకున్నా చెమటతో దిండు తడిసేది. అది కూడా సర్దుకునేదాన్నేమో. కానీ తరగతిలో మొదటిరోజే నోరు జారాను. "సార్, లైబ్రరీ యాడుండాది?" అని అడిగాను. వెనక వరసలో నవ్వారు. తెలుగు ఎం.ఏ. చదివేవాళ్లు యాడ అంటే ఎలాగమ్మా అని మేష్టారు కూడా ముచ్చటగా నవ్వారు. నవ్వినవాళ్లలో సగం మంది మా జిల్లావాళ్లే. అది వాళ్లకు గుర్తుచేసే ధైర్యం నాకు లేదు.

ఆరోజు నుంచి నేను అచ్చుపుస్తకంలా మాట్లాడడం మొదలుపెట్టాను. నోట్లోకి వచ్చిన ప్రతి మాటనూ ఆపి, ఇస్త్రీ చేసి బయటికి వదిలేదాన్ని. నా గదిలో ఉండే అమ్మాయి పులికాట్ ఒడ్డు నుంచి వచ్చింది. ఊళ్లో ఎలా మాట్లాడుతుందో ఇక్కడా అలాగే మాట్లాడేది, ఎండు రొయ్యల పొడి డబ్బా మూత కూడా అంతే ధీమాగా తీసేది. "ఏందిమే, నువ్వు మంచినీళ్లు అడిగినా వార్తలు చదివినట్టుండాది" అని ఒకసారి అంది. నేను చిరునవ్వు నవ్వి, "అదేమీ లేదు, నాకిది అలవాటే" అని మళ్లీ వార్తలే చదివాను.

కొన్నాళ్లకు అన్నం సయించడం మానేసింది. మెస్సులో సాంబారు వాసన తగిలితే కడుపులో తిప్పేది. కాఫీ, బిస్కెట్లతో రోజులు నెట్టుకొచ్చాను. తరగతిలో కూర్చుంటే కళ్ల ముందు చీకట్లు. నాకు ఇంటికి పోవాలని ఉంది. పోయి, ఇక రాకూడదని ఉంది. అంత పోరాడి వచ్చి, వంద రోజులు కూడా కాకముందే పెట్టె సర్దుకుని దిగితే నాయన ఏమీ అనడు, ఆ ఏమీ అనకపోవడమే భరించలేను. మింగలేక కక్కలేక అంటారే, నా పరిస్థితి రెండు రకాలుగానూ అదే. అందుకే డాక్టరు మీద ఆశ పెట్టుకున్నాను. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు, "ఇక నువ్వు ఇంటికి వెళ్లిపోవాలమ్మా" అని ఆయన నోటితో ఒక్కమాట వస్తే చాలు. పాలకేంద్రం వాళ్ల బిడ్డను, ఆ సామెత నాకే వర్తించాలి.

క్యాంపస్ హెల్త్ సెంటర్ మా హాస్టల్‌కు దగ్గరే. దాన్ని అందరూ గోలీల ఆఫీసు అనేవాళ్లు. కాలు బెణికినా, జలుబు చేసినా, ప్రేమ విఫలమైనా అవే తెల్ల గోలీలు ఇస్తారని పేరు. బెంచీ మీద నా ముందున్న వాళ్లంతా రోగాలను ఇంగ్లీషులో చెప్పుకుంటున్నారు. ఒకరికి గ్యాస్ ట్రబుల్, ఒకరికి వామిటింగ్ సెన్సేషన్. విని నాకు జాలేసింది. తెలుగు విద్యార్థినిని, నేను అలా చెప్పను అనుకున్నాను. యాడ, ఉండాది లాంటివి రాకుండా, ఎవరూ వేలెత్తి చూపలేని నికార్సయిన మాట ఒకటి నా దగ్గర ఉంది.

డాక్టరు కుర్రవాడు, గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చాడు. ఏమిటమ్మా సమస్య అన్నాడు.

"నాకు పైత్యం, సార్" అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఎవరికి?" అన్నాడు.

"నాకే సార్. ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ ఉంది. ఉదయం లేవగానే ఎక్కువగా ఉంటుంది. తరగతిలో కూర్చుంటే మరీ ఎక్కువవుతుంది."

వెనక బెంచీ మీద ఎవరో దగ్గారు. ఆయన గొంతు తగ్గించి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగాడు. మా అవ్వకు ఎప్పటినుంచో ఉందని, నాయనకు ఎండాకాలంలో వస్తుందని, మా చుట్టాలందరికీ మామూలేనని చెప్పాను. మరి ఎక్కువైతే ఏం చేస్తారు అన్నాడు. నిమ్మకాయ అన్నాను.

"తలకా?" అన్నాడు ఆయన మెల్లగా.

"నోటికి సార్" అన్నాను, డాక్టరై ఉండి ఇంతమాత్రం తెలియదా అని లోపల అనుకుంటూ.

ఆయన నన్ను చాలాసేపు దయగా చూశాడు. అంత దయ నేను తిరుపతిలో అంతవరకు చూడలేదు. భయపడాల్సింది ఏమీ లేదని, ఈ కాలంలో ఇది చాలామందికి ఉంటుందని, చెప్పుకోవడానికి సిగ్గుపడక్కరలేదని అన్నాడు. గురువారం ఇక్కడికే ఒక మేడమ్ వస్తారు, తప్పకుండా కలవమన్నాడు. గోలీలు ఇవ్వలేదు. గోలీల ఆఫీసులో గోలీ ఇవ్వలేదంటే నాది పెద్ద రోగమే అని నిశ్చయం చేసుకుని, సంతోషంగా గదికొచ్చాను. ఆ మేడమ్ పైత్యానికి ప్రత్యేక వైద్యురాలు అయ్యుంటుందనుకున్నాను. రక్తపరీక్ష ఉండొచ్చని గురువారం కాఫీ కూడా తాగకుండా పరగడుపున వెళ్లాను.

ఆ గదిలో మంచం లేదు, సూదులు లేవు. రెండు కుర్చీలు, కిటికీలో ఒక మొక్క ఉన్నాయి. తలుపు మీద కౌన్సెలర్ అని రాసి ఉంది. లోపలికి వెళ్లాకే చదివాను. అప్పుడు తెలిసింది గోదావరి వైపు పైత్యం అంటే ఏమిటో. ఒకరినీ ఇద్దరినీ కాదు, మా వంశం మొత్తాన్నీ పిచ్చివాళ్లని నా నోటితో నేనే చెప్పి, చివర్న నిమ్మకాయ కూడా చేర్చి వచ్చాను. భూమి చీలితే బాగుండుననిపించింది. నికార్సయిన తెలుగులో పరువు తీసుకున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మేడమ్‌కు మా అమ్మ వయసుంటుంది. డాక్టరు చెప్పింది విని ఉంటుంది, నవ్వు ఆపుకుంటోంది. సర్ది చెప్పుకుందామని నేను అచ్చుపుస్తకం తెరిచాను. "క్షమించండి మేడమ్, ఇక్కడ చిన్న అపార్థం జరిగింది" అని మొదలుపెట్టాను. ఆమె నా మాట పూర్తికానివ్వలేదు.

"యాడమ్మా మీది?" అంది.

అంతే. నేను ఏడ్చేశాను. ఆమె అడిగింది ఊరిపేరు. నేను పలమనేరు అని చెప్పడానికి ఎంత సేపు పట్టిందో, మధ్యలో ఎన్నిసార్లు ముక్కు చీదానో చెప్పుకుంటే నవ్వులాట. ఆమెది చిత్తూరు పక్కన పల్లె. ఆ తర్వాత ఆపుకున్న మాటలన్నీ వచ్చాయి, ఇస్త్రీ లేకుండా. అన్నం తింటా ఉండావా అని అడిగితే లేదని చెప్పాను. కాఫీ, బిస్కెట్ల సంగతీ చెప్పాను. "కడుపు ఎండబెట్టుకోని కాఫీలు తాగితే పైత్యం గాక ఏమొస్తాది" అంది ఆమె. రోగం పేరు ఒకరైనా సరిగ్గా పలికారని నాకు ఏడుపులోనే తృప్తి కలిగింది.

ఆమే నన్ను డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని పోయింది. ఆయన ఈసారి పొట్ట నొక్కి చూశాడు. మా వైపు ఆ మాటకు అర్థం వేరమ్మా అని తనే సిగ్గుపడ్డాడు. ఆ రకం కూడా కొంచెం ఉన్నట్టే ఉంది సార్ అన్నాను. గోలీలు ఇచ్చాడు, వేళకు తినమన్నాడు. చివర్న, మరీ నీరసంగా ఉన్నావు, ఇంటికి పోయి కొన్నాళ్లు ఉంటానంటే కాగితం రాసిస్తానన్నాడు. పాలు కోరితే వైద్యుడు పాలే పోశాడు. నాయనతో మాట్లాడి వస్తానని బయటికొచ్చి ఫోను చేశాను.

ఒళ్లు బాగలేదని, డాక్టరే ఇంటికి పొమ్మన్నాడని చెప్పాను. ఏమైందంట అని అడిగాడు. కంగారు ఆయన గొంతులో స్పష్టంగా వినబడింది. అబద్ధం పెద్దది చేయడానికి నోరు రాలేదు. పైత్యమంట నాయనా అన్నాను. వెనక పాలక్యాన్ల చప్పుడు వినిపిస్తోంది.

"పాపా, ఇంటికి రావాలంటే రోగం తెచ్చుకోవాల్నా?" అన్నాడు. "ఊరికే రాగూడదా?"

నువ్వే కదా చెప్పినావు ఒళ్లు బాగలేకుంటే రమ్మని, అన్నాను.

"ఒళ్లు బాగలేకుంటే ఆడనే పడుండొద్దని చెప్పినా. బాగుంటే రావద్దని చెప్పినానా?"

వాక్యాలకు అర్థం చెప్పడమే చదువుగా పెట్టుకున్నదాన్ని, ఇంటిభాషలో రెండు చిన్న వాక్యాలకు అర్థం తప్పు చెప్పుకుని ఇన్నాళ్లు కడుపు కాల్చుకున్నాను. ఎవరి పైత్యం వారికి ఆనందం అంటారు గానీ, నాకు ఆ ఆనందం కూడా దక్కలేదు.

డాక్టరు దగ్గర కాగితం తీసుకోలేదు. మెస్సుకు పోయి పెరుగన్నం తిన్నాను. నా గదిలో అమ్మాయి తన రొయ్యలపొడి కొంచెం వేసింది. పైత్యానికి అది పనికిరాదని అవ్వ చూస్తే తిట్టేది. శనివారం బస్సెక్కాను. ఆదివారం సాయంత్రం తిరిగి రావాలని, సోమవారం తరగతి పోగొట్టుకోకూడదని ముందే అనుకుని ఎక్కాను. మలుపుల్లో కడుపు తిప్పలేదు. మొగిలి ఘాటు దాటాక కిటికీలోంచి చల్లగాలి వచ్చింది.

అవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయి, "ఏందిమే, పైత్యం చేసిందా?" అని అడిగింది.

"లేదవ్వా" అన్నాను. "ఊరికే వచ్చినా."