ముద్దకి ముప్పైరెండు

ఆ రోజుల్లో నేను ఆయుర్వేదం ప్రకారం బతికింది నలభై రోజులు. ఆ నలభై రోజుల్లో పోగొట్టుకున్నవి ఇవి: ఒంట్లో నాలుగున్నర కేజీలు, రోజుకి రెండు చొప్పున ఎనభై కాఫీలు, మా మేనమామ దగ్గరున్న మంచిపేరు మొత్తం. (మంచిపేరుని తూచే కాటా లేదు కాబట్టి దానికి అంకె వేయలేదు.) అప్పుడు నాకు ఇరవై ఐదేళ్లు, గుడ్లవల్లేరు రైసుమిల్లులో కాటా గుమాస్తాని. అజీర్తి చేసి గుడివాడ వెళ్తే ఆయుర్వేద వైద్యుడు గారు నాడి చూసి, "కడుపులో సగం అన్నం, పావు నీళ్లు, పావు ఖాళీ. బాగా నమిలి తినండి" అన్నారు. బాగా అంటే ఎన్నిసార్లో ఆయన చెప్పలేదు. పళ్లు ముప్పైరెండు కాబట్టి ముద్దకి ముప్పైరెండు సార్లని నేనే తేల్చాను.

నలభయ్యో రోజున బంటుమిల్లిలో ఓ చేపల వ్యాపారి గారు సంబంధం ఖాయం చేసుకుందామని భోజనానికి పిలిచారు. అమ్మాయి నాకు అప్పటికే నచ్చింది. వాళ్ల నాన్నగారు ఊ అనడమే మిగిలింది. పంక్తిలో ఆయన, మావయ్య, నేను. అతిథి లేచేదాకా ఆ ఇంట్లో ఎవరూ విస్తరి ముందు నుంచి లేవరు. వాళ్లిద్దరూ మజ్జిగన్నం ముగించేసరికి నేనింకా కొరమీను పులుసులోనే ఉన్నాను. ముద్దలన్నీ ముందే చుట్టి విస్తరి అంచున వరసగా పెట్టుకున్నాను. ముల్లు తగిలితే తీసేసి లెక్క మళ్లీ ఒకటి నుంచి. బయట రొయ్యల పెట్టెలు ఎక్కించుకుని, ఆయన కోసం ఆగిన ఐసు వ్యాను హారన్ కొడుతోంది. కాబోయే మామగారి వేళ్ల మీద మెతుకులు ఎండిపోయాయి.

"బాబుకి పులుసు నచ్చలేదాండీ?" అన్నారాయన మావయ్యతో.

"నచ్చబట్టే కదండీ వదలట్లేదు" అంటూ మావయ్య నా తొడ గిల్లాడు. "ఒరేయ్, అది చేపరా, చెరుకు గడ కాదు. మింగు."

నోట్లో పంతొమ్మిది నడుస్తోంది. బదులిస్తే లెక్క తప్పుతుందని తల మాత్రం ఊపాను.

"మాట కూడా కరువేనా? ఈ సంబంధం సంగతి ఇంకోసారి ఆలోచిద్దామండీ" అన్నారాయన.

తలుపు పక్క నుంచి అమ్మాయి గొంతు వినిపించింది. "నాన్నా, ఆయన ముద్దకి ముప్పైరెండు సార్లు నములుతున్నారు. నేను లెక్కబెట్టాను. ఇంకా పద్నాలుగు ముద్దలున్నాయి. నువ్వు వ్యాను పంపించెయ్యి."

నా లెక్కని సరిచూసిన మొదటి మనిషి ఆవిడే. ఆ పద్నాలుగు ముద్దలూ నమలకుండా మింగేసి, ఎక్కిళ్లతో లేచి నిలబడ్డాను. ఆయన చెయ్యైనా కడుక్కోకుండా వ్యాను దగ్గరికి పరిగెత్తి, ఎక్కుతూ మావయ్యకి కేకేశారు: "ఖాయం చేసేయండి. పెళ్లిపంక్తిలో మాత్రం నన్ను ఈయన పక్కన కూర్చోబెట్టకండి."

ఆ గుమాస్తా కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తాడు. ఇప్పటికీ నెమ్మదిగానే తింటాను, పళ్లు ఇరవై ఏడే మిగిలాయి మరి. ఆ పద్నాలుగు ముద్దలకీ నమలాల్సింది మాత్రం నా పొట్టకి ఈ రోజుకీ బాకీ: నాలుగువందల నలభై ఎనిమిది సార్లు.