దగ్గరి పాట

మా ధర్మవరంలో ఎవరు ఏ యాప్‌లో పాటలు వింటారన్నది వాళ్ల ఇష్టాన్ని బట్టి ఉండదు. ఫోన్ రీఛార్జితో ఏది ఉచితంగా వస్తే అదే వింటారు. నాయనకు ఒకటి వచ్చింది, చిన్నాయనకు ఇంకొకటి. నాయన పంపిన పాటను చిన్నాయన నొక్కితే పాట రాదు, ముందు మా యాప్ వేసుకోండి అని వస్తుంది. ఆయన వేసుకోడు. "ఒక ఫోన్లో ఎన్ని పెట్టుకోవల్లప్పా, అదేమన్నా సంత సంచా?" అని నాయనను తిట్టేవాడు.

చిన్నాయన అంటే నాయనకు తోడబుట్టినవాడు కాదు. పెద్ద అంచు పట్టుచీర నేయాలంటే మగ్గం దగ్గర ఇద్దరు కూర్చోవాలి. నాయన నేస్తుంటే పక్కన కూర్చుని, అంచు దారం కండె ఉండే నాడెను అటు నుంచి ఇటు అందించిన మనిషి ఆయన. ఇరవై ఎనిమిదేళ్లు అలా ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ బతికారు. పని తగ్గాక ఆయన కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో ఉన్న కూతురి ఇంటికి పోయి, అల్లుడి వేరుశనగ చేను చూసుకుంటున్నాడు. ఇద్దరిదీ మాట్లాడే జాతి కాదు. ఫోన్లో కూడా "బాగుండావా", "ఊ, బాగుండా" అనుకుని పెట్టేసేవాళ్లు. మోగినా మోగకపోయినా, పొద్దున్నే ఒకరికొకరు ఒక పాట పంపుకోవడమే వాళ్ల కబుర్లు.

నేను బెంగళూరులోని ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. యాప్‌లలో తెరలు గీయడం నా ఉద్యోగం. ఏ యాప్‌లో నుంచి పాట పంపినా, అవతలివాళ్లకు వాళ్ల సొంత యాప్‌లోనే అది మోగేలా ఒకటి తయారు చేద్దామని మావాళ్లు అన్నప్పుడు, మా ఇంటి గొడవ వీళ్లకెలా తెలిసిందా అని నవ్వుకున్నాను.

ఆ పని మొదలైన నెలకే నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. అక్షరాలు చూసినా చదవలేకపోయాడు. నోట ఒక్క మాటే మిగిలింది, "అదే" అని. కాఫీ కావాలన్నా అదే, ఫ్యాను ఆపమన్నా అదే. మేం ఒక్కొక్కటీ అడుగుతూ పోతే, సరైనదానికి తల ఊపేవాడు. పాటలు మాత్రం పోలేదు. తెర మీద బొమ్మను బట్టి పాటను గుర్తుపట్టి, ఎడమ బొటనవేలితో నొక్కి చిన్నాయనకు పంపేవాడు. అప్పటి నుంచి ఆ యాప్ నాకు ఉద్యోగం కాదు. మా నాయనకు నోరు చేసిపెడుతున్నాననుకున్నాను. అంత గర్వం నాకు ఇంకెప్పుడూ రాలేదు.

ఇక్కడ నా తెలివి గురించి చెప్పాలి. పంపిన పాట అవతలి యాప్‌లో లేకపోతే ఏం చూపించాలన్నది నాకిచ్చిన తెర. ఈ పాట ఇక్కడ లేదు అని రాసి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఖాళీ తెర చూపిస్తే మనిషి చిన్నబుచ్చుకుంటాడని, రెండుసార్లు అలా అయితే మళ్లీ మన గడప తొక్కడని నేనే గొంతు పెంచి వాదించాను. పాట దొరక్కపోతే దగ్గరి పాట ఇవ్వాలి. అదే భాష, పేరులో కలిసే మాటలు, ఇంచుమించు అంతే నిడివి. కింద చిన్న అక్షరాలతో, బూడిద రంగులో "ఇది దగ్గరి పాట" అని ఉంటే చాలు. అందరూ శభాష్ అన్నారు. ఆ రోజు అమ్మ చేత ఓళిగలు చేయించుకుని తిన్నాను. ఆ పద్ధతి ఇప్పటికీ యాప్‌లో ఉంది. తీసేయమని తర్వాత నేను ఎంత బతిమాలినా తీయలేదు, జనానికి నచ్చిందట.

మొదట వాడింది మా ముసలాళ్లిద్దరే. చిన్నాయన ఫోన్ చేసి, "పాపా, బలే చేసినావే! ఇట్ల నొక్కితే అట్ల పాడతాంది" అన్నాడు. నాయన మంచం మీద ఉండి ఆ మాట విని తల ఊపాడు.

కొన్నాళ్లకు నాయన రోజూ ఒకే పాట పంపడం మొదలుపెట్టాడు. అది వీళ్ల భజన గుంపు పాడిందే. స్వామీ, ఒక్కసారి వచ్చి కంటికి కనబడిపో అని పిలిచే పాట. గొంతు చిన్నాయనది, తాళం నాయనది. ఎప్పుడో కదిరిలో ఎవరో రికార్డు చేసి, నాయన వినే యాప్‌లో పెట్టారు. ఆ ఒక్కచోట తప్ప ఇంకెక్కడా అది లేదన్న సంగతి నాకు తట్టలేదు. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని, నాకు తట్టలేదు.

జవాబుగా చిన్నాయన నుంచి హుషారు పాటలు వచ్చేవి. నాయన సగం విని ఆపేసి, మళ్లీ ఆ భజన పాటే పంపేవాడు. ఒకరోజు నేను మీటింగులో ఉండగా ఫోన్ ఎత్తి నా ముఖానికి ఆనించినంత పని చేశాడు. "అదే! అదే! అదే!" చూశాను. పంపినట్టు, చేరినట్టు పచ్చని టిక్కు ఉంది. "పోయింది నాయనా, చేరింది, చూడు" అన్నాను. ఆయన ఇంకా చెయ్యి దించలేదు. "ఎన్నిసార్లు చూపియ్యల్ల నీకు?" అని కసిరాను. నాయన ఫోన్ దించి గోడ వైపు తిరిగాడు. పాడు నోరు, ఆ మాట వెనక్కు తీసుకోవడానికి ఇప్పుడు దారి లేదు.

"చిన్నాయనకు ఒకతూరి నువ్వే ఫోన్ చెయ్యరాదా పాపా? ఒకసారి వచ్చిపొమ్మను" అంది అమ్మ ఆ సాయంత్రం.

"దినామూ పాటలు పంపుకుంటానే ఉండారు కదమ్మా, మళ్లా ఫోనెందుకు?" అన్నాను.

రెండు వారాలు గడిచాక ఒక పొద్దున నాయన లేవలేదు. మళ్లీ పక్షవాతం. అనంతపురం ఆసుపత్రిలో చేర్చాం. కళ్లు తెరిచాడు గానీ ఎవర్నీ చూడడం లేదు. ఇక మనుషుల్ని గుర్తుపట్టకపోవచ్చని డాక్టరు చెప్పాడు. వరండాలో నిలబడి చిన్నాయనకు ఫోన్ చేశాను.

"ఏమంటాండావు పాపా?" అన్నాడు. "నిన్న గూడా పెండ్లి డాన్సు పాట పంపినాడే! ఈ మధ్యన దినామూ ఆ పాటే పంపుతాండె. మా మనవరాలు దానికి ఎగురుతాంటే, అన్న కుదురుకున్నాడు, కులాసాగా ఉండాడు అనుకుంటి. నేను గూడా అట్లాంటివే ఏరి పంపితి."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. నా ఫోన్లో కంపెనీ లెక్కలు తెరిచి, చిన్నాయన వైపు ఏం చేరిందో చూశాను. ఇటు నుంచి ఇరవై రెండు రోజులు భజన పాట పోయింది. అటు ఇరవై రెండు రోజులు, పేరులో 'ఒక్కసారి వచ్చి' అన్న మాటలు కలిసిన పెండ్లి డాన్సు చేరింది. ఒక్కొక్క దాని కింద నేను గీసిన బూడిద రంగు అక్షరాలు. చిన్నాయనకు అద్దాలు పెట్టుకున్నా అంత చిన్నవి కనబడవు. ఆ వరండా వెలుతురులో నాకే సరిగ్గా కనబడలేదు.

మరుసటి రోజు మొదటి బస్సుకు ఆయన వచ్చాడు. చేతిసంచి కిందపెట్టి మంచం పక్కన, నాయన ఎడమ మోచేతికి ఆనుకుని కూర్చున్నాడు. "అన్నా, నేనప్పా, వచ్చినా" అన్నాడు. ఏ పాటో నేను ఫోన్లోనే చెప్పాను కాబట్టి, మెల్లగా దాన్నే ఎత్తుకున్నాడు. నర్సు వద్దనలేదు. తాళం వేస్తాయేమోనని నేను నాయన వేళ్లనే చూస్తూ నిలబడ్డాను. వేళ్లు కదలలేదు. చిన్నాయన పాట మొత్తం పాడి, మళ్లీ మొదటి నుంచి పాడాడు. నాయన కళ్లు పైకప్పు మీదే ఉన్నాయి.

అప్పుడు ఆయనకు అంతా చెప్పాను. పాట దొరక్కపోతే ఇంకొకటి పంపే ఆలోచన నాదేనని, మనుషులు ఖాళీ తెర చూసి చిన్నబుచ్చుకోకూడదని అలా చేశానని. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన నాయన దుప్పటి సర్ది, చెయ్యి నిమిరాడు.

"ఏ పాటా రాకుండా ఉండింటే," అన్నాడు, నా వైపు చూడకుండానే, "అన్నకేమయిందో ఏమో అని ఆ పొద్దే బస్సెక్కింటి కదమ్మా."