నేను ఎంచుకున్న రెండు మీటర్లు

నల్గొండ కోర్టులో నా వకాలతు కాస్త కుదురుకున్నాక, అరవైలు మొదలవుతున్న రోజుల్లో, నేనొక పాత కారు కొన్నాను. రామన్నపేట వైపు ఒక దొరల గడీలో రెండో ప్రపంచ యుద్ధానికి ముందునుంచీ ఉన్న కారు అది. నల్లటి రంగు, పొడుగాటి మూతి, పక్కన కాలు పెట్టి ఎక్కడానికి వెడల్పాటి రేకు. గడీవాళ్లు హైదరాబాదుకు మారిపోతూ దాన్ని అమ్మేశారు. దాన్ని ఇరవై ఏళ్లుగా నడిపిన డ్రైవరు కూడా కారుతో పాటే నా దగ్గరికి వచ్చేశాడు.

అతను గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టినవాడు. గడీలో కారు కడిగే పనిలో చేరి, చూసి చూసి నడపడం నేర్చాడు. చదువు రాదు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఇంజను చప్పుడులో, వాసనలో తేడా నాకు తెలియకముందే అతను బండి పక్కకు తీసి, బానెట్ ఎత్తి, ఏదో బిగించి వచ్చి కూర్చునేవాడు. ఏమైందని అడిగితే "ఏం లేదు సాబ్, జర దగ్గుతాంది" అనేవాడు.

కారు ముందు భాగంలో టేకు చెక్క. దానిమీద రెండే మీటర్లు ఉండేవి. ఒకటి వేగానిది, ఇంకొకటి బ్యాటరీది. పెట్రోలు ఎంతుందో పుల్ల ముంచి చూసుకోవాల్సిందే. నా తోటి వకీలు ఒకాయన కొత్త కారులో వరసగా మీటర్లు చూసి వచ్చినప్పటినుంచీ నాకు ఆ ఖాళీ చెక్క వెలితిగా కనపడసాగింది. ఇంకో రెండు మీటర్లు బిగించడానికి సరిగ్గా జాగా ఉంది.

నేనూ డ్రైవరూ హైదరాబాదులో ఒక దుకాణానికి వెళ్లాం. పాత మిలటరీ బండ్ల సామాను అమ్మే దుకాణం అది. దుకాణదారు ఒక రేకు పళ్లెంలో మీటర్లు పోసుకొచ్చి ముందు పెట్టాడు. నేను గంటసేపు వాటిని చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాను. నీళ్ల వేడి చూపే మీటరు ఒకటి ఉంది. తెల్లటి ముఖం, సన్నటి ముల్లు, చివర ఎర్రటి గీత. ఇత్తడి అంచున్న గడియారం ఇంకొకటి. ఆ రెండింటినీ పక్కన పెట్టుకున్నాను.

డ్రైవరు పళ్లెంలోంచి గీతలు పడ్డ నల్లటి మీటరొకటి తీశాడు. "ఆయిల్ మీటర్ తీస్కోండ్రి సాబ్. గిదొక్కటుంటె సాలు."

"ఆయిలు దినాం పుల్ల ముంచి చూస్తనే ఉన్నవ్ గద?"

"పుల్ల బండి ఆగినంక జెప్తది. నడిచేటప్పుడు లోపట ఆయిల్ జోరెట్లున్నదో గిదే జెప్తది. గడియారమంటరా, మీ చేతికున్నది గద."

అతను చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలుసు. కానీ ఆ నల్ల ముఖం నాకు నచ్చలేదు. గడియారమే తీసుకుంటానన్నాను. అతను ఆయిలు మీటరును తువ్వాలతో తుడిచి మళ్లీ పళ్లెంలో పెట్టాడు.

ఆ తర్వాత కొన్ని నెలలు ఆ మీటర్లు చూపించుకోవడమే నా పని. కోర్టు ఆవరణలో స్నేహితులను ముందు సీట్లో కూర్చోబెట్టి ముల్లు ఎలా లేస్తుందో చూపేవాణ్ణి. ఒకసారి డ్రైవరు ముందే, "ఇగ డ్రైవర్ ముక్కుతోటి పని లేదు" అన్నాను. అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు.

మా మామగారిది జడ్చర్ల. ఆయన పల్లినూనె మిల్లు పెడుతున్నాడు. మిల్లు ఇంజను చూసుకోవడానికి మా డ్రైవరునే పంపమని నన్ను ముందే అడిగాడు. డ్రైవరుకు చూపు కొంచెం మందగిస్తోంది, ఎక్కువ కాలం బండి నడపలేనని అతనికీ తెలుసు. మిల్లు మాట విన్నరోజు ఎంతో సంబరపడ్డాడు. మిల్లు మొదలయ్యే రోజునే అతను అక్కడ చేరేట్టు అనుకున్నాం.

ఆ రోజు పొద్దున్నే నల్గొండలో బయలుదేరాం. అతను రేడియేటరులో నీళ్లు నింపడం నేను చూశాను. వెనక సీట్లో నా భార్య కూర్చుంది. దేవరకొండ దాటి కల్వకుర్తి చేరేసరికి ఎండ ముదిరింది. కల్వకుర్తి దాటాక రోడ్డంతా రాళ్లు. కొంతదూరం పోయాక అతను వేగం తగ్గించాడు.

"సాబ్, కాల్తున్న వాసనొస్తాంది. బండి ఆపుత."

నేను మీటరు చూశాను. ముల్లు సగం దగ్గరే ఉంది. "ఏం గాలే. ముల్లు నడుమనే ఉన్నది, పోనియ్యి."

ఇంకో మైలు పోయాక మళ్లీ అన్నాడు. "ముల్లు ఏమన్న జూపని సాబ్. చప్పుడు మారింది."

"ఒకపారి ఆపరాదుండ్రి" అంది నా భార్య వెనకనుంచి.

నేను గడియారం చూశాను. "పదకొండుకు కొబ్బరికాయ కొడ్తరు. ముల్లు ఎర్ర గీత కాడికి పోతె ఆపు. అందాక పోనియ్యి."

అతను పోనిచ్చాడు. కాసేపటికి లోపల ఇనుము విరిగినట్టు చప్పుడై ఇంజను పట్టేసింది. ముల్లు అప్పుడు కూడా సగానికి పైకి పోలేదు.

నేను దిగి బానెట్ ఎత్తి, జేబురుమాలు చుట్టి నీళ్ల మూత తిప్పబోయాను. "ఆగుండ్రి సాబ్, సల్లారనియ్యుండ్రి" అంటూ అతను పరుగున వచ్చాడు. అప్పటికే సగం తిప్పాను. అతను నన్ను భుజంతో పక్కకు తోసి మూతను అరచేత్తో అదిమాడు. ఆవిరి అతని కుడిచేతిని మోచేతి దాకా కాల్చేసింది. అతను చెయ్యి ఒళ్లో పెట్టుకుని రోడ్డు పక్క మట్టిలో కూర్చుండిపోయాడు.

ఒక లారీ మమ్మల్ని జడ్చర్ల దవాఖానకు చేర్చింది. కట్టు కట్టించుకుని మిల్లుకు వెళ్లేసరికి పూజ అయిపోయింది. అరుగు మీద చుట్టాలందరూ ఉన్నారు. మా మామగారు అతని చెయ్యి చూసి అయ్యో అనలేదు. కారు సంగతి విని, "నీళ్లు సూస్కోకుండ బండి తీస్తర? ఇంజన్ కాలవెట్టినవ్ గద" అన్నాడు అతనితో.

అతను నావైపు చూశాడు. నా భార్య కూడా చూసింది. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను.

"తప్పయింది దొరా" అన్నాడు అతను.

మర్నాడు మెకానిక్కు కారు చూశాడు. రాయి తగిలి కింది గొట్టం చిరిగి నీళ్లు చాలావరకు కారిపోయాయట. ఆ మీటరుకు నీళ్లు తగిలితేనే వేడి తెలుస్తుందట. నీళ్లు దాని కిందికి దిగిపోతే సరిగా చూపదట. ఇంజను కాగితే ఆయిలు పలచబడి దాని జోరు మాత్రం పడిపోతుందట. "ఆయిల్ మీటర్ ఉంటె ముందుగాలనే తెలుస్తుండె" అన్నాడు. ఆ మాట మామగారికి చెప్పే అవకాశం ఆ రోజంతా ఉంది. చెప్పలేదు. సాయంత్రం డ్రైవరు బస్సెక్కి తన ఊరికి వెళ్లిపోయాడు. ఇంజను కాలబెట్టినవాణ్ణి మిల్లులో పెట్టుకోనని మామగారు తేల్చి చెప్పాడు.

ఇంటికొచ్చాక నా భార్య అడిగింది. "ఎందుకు చెప్పలేదు?"

"అందరి ముందట ఎట్ల చెప్త?"

"ఆయన అందరి ముందటనే మాట పడ్డడు. మా బాపుకు నేను చెప్పగలుగుత. కని మీరే చెప్పాలె."

ఆమె మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. దసరా దాటాక గానీ నాకు ధైర్యం రాలేదు. జడ్చర్ల వెళ్లి మామగారికి జరిగినదంతా చెప్పాను. "గిప్పుడు చెప్తివా" అన్నాడు ఆయన. "ఇంజన్ కాడ ఇంకొకన్ని పెట్టుకున్న. ఉన్నోన్ని ఎట్ల తీసేస్త? వానికీ పెండ్లాం పిల్లలున్నరు."

అక్కడినుంచి తిరిగొచ్చి డ్రైవరు ఊరికి వెళ్లాను. రామన్నపేటలో బస్సు దిగి నడవాలి. అతను ఇంటి ముందు మేకలకు తుమ్మ కొమ్మలు వేస్తున్నాడు. కుడిచేతి వేళ్లు మూడు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. నన్ను చూసి ఎడమచేత్తో మంచం వాల్చాడు. లోపలినుంచి చల్ల తెప్పించాడు. నేను తాగకుండానే చెప్పాను. తప్పు నాదని, మామగారికి కూడా చెప్పి వచ్చానని.

"మిల్లు పోతె పోయింది సాబ్. దానికి ఫికర్ లేదు" అన్నాడు. "ఇరవై ఏండ్లల్ల ఒక్కపారి ఇంజన్ కాలనియ్యలే. గదొక్కటే నాకున్న పేరు. గిప్పుడు ఊర్లె అందరు, ఇంజన్ కాలవెట్టి ఒచ్చిండంటరు."

"నేను చెప్త. అందరికి నేనే చెప్త."

"ఎవలెవలకు చెప్తరు సాబ్? ఇంటింటికి పొయ్యి చెప్తరా?"

అతను ఎగతాళిగా అనలేదు. నన్ను ఆ ఇబ్బందినుంచి తప్పించడానికే అన్నాడని ఇప్పుడనుకుంటాను. ఆ ఊళ్లో అరవై ఇళ్లుంటాయేమో. ఒక పూట తిరిగితే అయిపోయేది. నేను చల్ల తాగి, గ్లాసు కింద పెట్టి, బస్సు దొరకదేమోనని లేచాను. అతను ఊరి చివరి దాకా నాతో నడిచి వచ్చాడు. దారిలో ఇద్దరు ముగ్గురు ఎదురై, ఎవరో అని నిలబడి చూశారు. వాళ్లకు కూడా నేనేమీ చెప్పలేదు.