వానకు ఒకరు, హోళీకి ఒకరు

1999 జూన్‌లో నన్ను తాడిపత్రికి సహాయ కార్మిక అధికారిగా వేశారు. అడిగింది ధర్మవరం, ఇచ్చింది తాడిపత్రి. ఎందుకని అడిగితే ఇంతవరకూ జవాబు లేదు. కార్మిక శాఖలో ఇది కింది మెట్టు ఉద్యోగం. కనీస వేతనం ఇస్తున్నారో లేదో తనిఖీ చేయాలి, తగవు వస్తే ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ కుదర్చాలి. తీర్పు చెప్పే అధికారం లేదు.

యాడికి దారిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉండేది. అందులో పనిచేసేవాళ్ళంతా చుట్టుపక్కల మెట్ట రైతులే. తొలకరి పడగానే మిషన్లు వదిలేసి శెనక్కాయ విత్తడానికి పోయేవాళ్ళు. నేలలో పదును నాలుగు రోజులుంటే గొప్ప, ఎవరూ ఆగరు. ఏటా జరిగేదే. ఆ ఏడు మాత్రం విత్తనం ముగించి తిరిగొస్తే, మిషన్ల దగ్గర బీహారు మనుషులు ఉన్నారు. ఓబులేసు అనే మిషన్ మనిషి అందరినీ వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

ఫ్యాక్టరీకి వెళ్ళాను. యజమాని గదిలో మూడు కుర్చీలున్నాయి, మూడింటి మీదా రాతి నమూనాలున్నాయి. ఒక్కటీ తీయలేదు. నన్ను నిలబెట్టే మాట్లాడాడు.

"వాన పడితే పారిపోయేటోళ్ళతో ఫ్యాక్టరీ ఎట్ల నడపల్ల సార్?"

బీహారు వాళ్ళ మేస్త్రి సుఖ్‌దేవ్‌ను విడిగా అడిగాను. అదే పనికి వాళ్ళకు ఇస్తున్నది మనవాళ్ళ కూలిలో సగానికి కాస్త ఎక్కువ. వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన కార్మికుడికి అదే పనికి స్థానికుడితో సమానంగా ఇవ్వాలని చట్టం ఉంది. వాళ్ళను వెళ్ళగొట్టమని మాత్రం ఏ చట్టమూ చెప్పదు. గేటు దగ్గర ఈ మాట చెబితే ఓబులేసు మండిపడ్డాడు.

"మా కడుపు కొట్టినోళ్ళకి కూలి పెంచేదానికా సార్, గవర్నమెంటు నిన్ను ఈడికి పంపింది? బీహారుకే పో, సన్మానం చేస్తారు!"

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

నా లెక్క వేరు. యజమానికి లాభం ఆ తేడాలో ఉంది. తేడా పోతే బయటివాళ్ళను ఏరికోరి తెచ్చుకునే కారణం సగం పోతుంది. నోటీసు ఇచ్చాను. అనంతపురం నుంచి పై అధికారి ఫోన్ చేసి, "దాన్ని ముగించెయ్యవయ్యా" అన్నాడు. రాతపూర్వకంగా ఇమ్మన్నాను. ఇవ్వలేదు, నేనూ ముగించలేదు. చివరికి యజమాని కూలి సమానం చేశాడు. మనవాళ్ళను మాత్రం వెనక్కి తీసుకోలేదు. హాజరుపట్టీలో ఎవరి పేరూ ఎక్కించని రోజుకూలీలు కాబట్టి బలవంతపెట్టే దారి నాకు దొరకలేదు. ఓబులేసు వాళ్ళు క్వారీలో రాళ్ళెత్తే పనికి పోయారు. అక్కడ మనుషులు ఎక్కువై ఉన్న కూలి కూడా పడిపోయింది. పైగా ఆ ఏడు శెనక్కాయ కూడా సరిగా పండలేదు. సంతలో ఎదురుపడితే ఓబులేసు మొహం తిప్పుకునేవాడు.

మార్చి వచ్చింది. హోళీకి ముందు సుఖ్‌దేవ్ మనుషులంతా మూట కట్టుకుని గుంతకల్లులో రైలెక్కారు. హోళీ, ఆ వెంటనే గోధుమ కోత, పెళ్ళిళ్ళు. మళ్ళీ వచ్చేది మే నెలకే. చెన్నైకి పంపాల్సిన బండలు అట్లాగే ఉన్నాయి, మిషన్లు ఆగాయి. యజమాని నా ఆఫీసుకు వచ్చాడు. నేను కుర్చీ చూపించాను. నేర్చుకుంటాడని.

ఓబులేసును, మిగతావాళ్ళను పిలిపించాను. యజమానిని చూస్తూనే ఓబులేసు అన్నాడు: "ఏమప్పా సావుకారీ, ఆళ్ళ ఊర్లోనూ వాన పడిందా?"

ఆఫీసంతా నవ్వింది. యజమాని కూడా నవ్వాడు. రాజీకి అంతకంటే మంచి గడియ ఉండదని అప్పుడే ఒప్పందం చెప్పాను. విత్తనానికి, కాయ పెరికేటప్పుడు మనవాళ్ళు పోతారు, బీహారు వాళ్ళు నడుపుతారు. హోళీ నుంచి కోతల దాకా వాళ్ళు పోతారు, మనవాళ్ళు నడుపుతారు. తిరిగొచ్చిన మనిషికి పని ఉండాలి. అందరికీ ఒకటే కూలి, అందరి పేర్లూ హాజరుపట్టీలో. మిగతా నెలల్లో ఇంతమందిని ఏం చేసుకోవాలన్నాడు యజమాని. రెండో షిఫ్టు పెట్టమన్నాను. గొణుగుతూనే సంతకం చేశాడు.

మేలో తనిఖీకి వెళ్ళిన రోజే సుఖ్‌దేవ్ వాళ్ళు దిగారు. తాను నడిపిన మిషన్ మీద ఓబులేసును చూసి సుఖ్‌దేవ్ గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఓబులేసు మిషన్ ఆపి కేకేశాడు: "ఆడే నిలబడితివేమప్పా? పగలు నాది, రేయి నీది. తిని పండుకో పో." సుఖ్‌దేవ్‌కు ఎంత అర్థమైందో గాని, మూట లోపల పెట్టాడు.

మిషన్లు ఏడాది పొడుగునా తిరిగేసరికి మరుసటేడు యజమాని ఇంకో షెడ్డు వేశాడు. అప్పటికి క్వారీలోనే ఉండిపోయినవాళ్ళూ అందులో చేరారు. క్వారీలో మనుషులు తగ్గి అక్కడి కూలి కూడా లేచింది. షెడ్డు ప్రారంభంలో ఈ ఏర్పాటంతా తన ఆలోచనేనని యజమాని చెప్పుకున్నాడు. నాకూ కుర్చీ వేశారు, వెనక వరసలో.

బయటివాళ్ళు వస్తే మన కూలి పడిపోతుందా అని ఇప్పటికీ అడుగుతుంటారు. అదే పనికి వాళ్ళకు తక్కువ ఇవ్వనిస్తే పడిపోతుంది. తక్కువ ఇవ్వనివ్వకపోతే ఆగే మిషన్ ఆగకుండా తిరుగుతుంది, తిరిగే మిషన్‌కు ఇంకా మనుషులు కావాలి. నా ఉద్యోగంలో నేను చూసింది ఇది.