ఆకురాయికి లొంగని ప్రాసెసర్

"మామా, కానస్ కింద పెట్టు" అని నేను పరుగెత్తుకొచ్చేసరికే మా మేనమామ ప్రాసెసర్‌ను చేతిలో ఇరికించుకుని, ఆ కానస్‌తో, అంటే ఆకురాయితో, దాని ఒక మూల పిన్నులన్నీ సాపు చేసేశాడు. మామ మరమగ్గాలు బాగుచేసే మిస్త్రీ. భవాని పేట్‌లో ఆయన షెడ్డులో, నూనె మరకల బల్ల మీద, నా ఉద్యోగం పొడిపొడిగా రాలుతోంది.

"ఏందే కోడలా, గట్ల ఒర్రుతవ్? దీనికీ పిన్నులే, కింద పలకకీ పిన్నులే. ఒకదాన్ని సాపు జేస్తే రెండోది మంచిగ కూసుంటది గదా."

"ఆ పిన్నుల నుంచే దానికి కరెంటు అందుతది మామా."

"గా ముచ్చట ముందుగాల జెప్పాలె మరి. ఇంకో మూల జరా మిగిలింది, దాంతోని నడ్వదా?"

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కాదు, నేను పదో తరగతితో చదువు ఆపేసి అశోక్ చౌక్ దగ్గర చద్దర్ల డిజైన్లు వేసే దుకాణంలో కొత్తగా చేరాను. ఇంకా నేయని చద్దరు మంచం మీద పరిస్తే ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో బొమ్మ చేసి వ్యాపారులకు చూపించడం మా పని. ఉన్న ఒక్క కంప్యూటర్ ఎంత నెమ్మదంటే, అది బొమ్మ పూర్తిచేసేలోగా నిజం చద్దరే నేసి ఆరేయొచ్చు. ఒకే బొమ్మను ముక్కలు చేసి నాలుగు పాత కంప్యూటర్లకు పంచితే అన్నీ కలిసి త్వరగా ముగిస్తాయని ఫోన్‌లో వీడియోలు చూసి తెలుసుకున్నాను. (తెలుసుకుని ఊరుకుంటే నేనెందుకవుతాను? వెళ్లి సేఠ్‌కి చెప్పాను.) సేఠ్ అంటే మా దుకాణం యజమాని, ఈ మరాఠీ ఊళ్లో మాలాగే తెలుగువాడే. పాన్ ఒక దవడకు నెట్టి, "సరే పోరీ, సామాను నువ్వే తే. పెద్ద గిరాకీ వచ్చేలోపల నడిచిందా, నీ నౌకరీ పక్కా. నడవకుంటే ఇంట్ల కూసోని తువ్వాళ్ల కుచ్చులు ముడేసుకో" అన్నాడు.

కుచ్చులు ముడేయకూడదని నిశ్చయించుకున్నాను. ఊళ్లో పాత కంప్యూటర్లమ్మే దుకాణాలన్నీ తిరిగాను. పెట్టిన ధరకు ఏ ప్రాసెసర్ ఎక్కువ పని చేస్తుందో పోల్చి, అన్నిటికంటే లాభమైనవి నాలుగు ఒకచోట కొన్నాను. మదర్‌బోర్డులూ అలాగే పోల్చి, అన్నిటికంటే చవకైనవి ఇంకోచోట కొన్నాను. అవి ఒకదానిలో ఒకటి పడతాయా అని అడగాలని తోచనే లేదు. మా పేటలో పుట్టినవాళ్లకు ఆ అనుమానం రాదు. మగ్గానికి పళ్లచక్రం ఒకరి దగ్గర కొంటాం, ఇరుసు ఇంకొకరి దగ్గర కొంటాం. కుదరకపోతే మామలాంటివాళ్లు కాస్త రాకి, కాస్త కొట్టి కూర్చోబెడతారు. ఇనుము ఎప్పుడూ కాదనలేదు. అందుకే నేనే ఆ సామానంతా మామ బల్ల మీద పెట్టి, "జర బిగించు, చాయ్ తెస్త" అని బయటికి వెళ్లాను.

రాకిన దాన్ని అక్కడే వదిలేసి, మిగిలిన మూడు ప్రాసెసర్లూ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, బోర్డులు అమ్మిన మరాఠీ కాకా దగ్గరికి వెళ్లాను. ఆయన డబ్బా మూత తీసి చూసి తల పట్టుకున్నాడు.

"బేటీ, ఇవి వేరే జాత్. పెళ్లిసంబంధం చూసినట్టు జోడీ చూసి తీసుకోవాలె."

"అయితే ఇప్పుడే చూద్దాం కాకా. నేను ఏడికీ పోను."

పోలేదు కూడా. ఆయన షట్టర్ సగం దించాడు, నేను మిగిలిన సగంలో నిలబడ్డాను. నా ప్రాసెసర్లు ఉంచుకుని వాటికి తగ్గ ఖరీదైన బోర్డులు తీసుకుంటే రెండు కంప్యూటర్లే తయారవుతాయి. బోర్డులు ఉంచుకుని ప్రాసెసర్లు మార్చుకుంటే కాస్త మందకొడివే దొరుకుతాయి, కానీ మూడు కంప్యూటర్లు. విడివిడిగా చూసినప్పుడు గొప్పగా కనిపించినవి జతగా చూస్తే గొప్ప కావని అప్పుడు తెలిసింది. పైగా మూడింటిలో ఒకటి మొరాయించినా షెడ్డులో మగ్గాల్లాగా మిగతావి నడుస్తూనే ఉంటాయి.

"మూడే ఇయ్యండి" అన్నాను.

"నీ సేఠ్ ఏమంటడు?"

"ఆయన బొమ్మ చూస్తడు, పిన్నులు చూడడు."

గిరాకీ వచ్చే రోజు మూడూ కలిసి బొమ్మ ముక్కల్ని ఒక్కొక్కటిగా అతికించాయి. ఎర్ర అంచు చద్దరు తెర మీద మంచమంతా పరుచుకుంది. వచ్చిన వ్యాపారి తెరను వేలితో తడిమి చూశాడు, నూలు తగులుతుందేమోనని. బేరం కుదిరింది. సేఠ్ నా వైపు తిరగకుండానే, "ఉండు పోరీ" అన్నాడు.

నౌకరీ పక్కా అన్నమాట, కానీ ఆ రెండు మాటలు చాలవనిపించింది. అప్పటిదాకా నేను దుకాణంలో నూలు మూట మీద కూర్చునేదాన్ని. మరునాడు పొద్దున ఇంట్లోని ప్లాస్టిక్ కుర్చీని నెత్తిన పెట్టుకుని, జనం చూస్తున్నా ఆగకుండా, అశోక్ చౌక్ దాకా నడిచివెళ్లి ఆ మూడు కంప్యూటర్ల ముందు వేసుకున్నాను. ఎవరూ తీయమనలేదు. ఇప్పుడు అప్పటి ఆ పిల్ల, అంటే ఆనాటి నేనే, ఎదురైతే నవ్వొస్తుంది గానీ, ఒక్క కుర్చీకాలైనా పట్టుకుని తోడు నడవాలనిపిస్తుంది.